కళింగపట్నానికి కంటైనరు తెచ్చాం

మా వైపు ఎవరైనా మూడు రోజులు ఇల్లు వదిలి వెళ్లారంటే పెళ్లికో, ఆసుపత్రికో, శ్రీముఖలింగం జాతరకో అనుకుంటారు. మొన్న మే నెలలో మేం ముగ్గురం వెళ్లింది ఒక పాత ఇనుప పెట్టె కొనడానికి. ఓడల మీద సరుకు వేసుకొని దేశాలు తిరిగే కంటైనర్లు ఉంటాయి కదా, హైవే మీద ట్రైలర్లపై పోతుంటాయి, అలాంటిది. తిరిగొచ్చాక అడిగినవాళ్లందరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. అందుకే రాసి పెడుతున్నాను. కొనాలనుకునేవాళ్లకి పనికొస్తుంది, మిగతావాళ్లకి కాలక్షేపం.

కళింగపట్నం

నేను ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పుట్టింది శ్రీకాకుళంలో, బాప్టిస్టు చర్చి పక్క వీధిలో. ఉద్యోగం వల్ల ఈ ఒడ్డుకి వచ్చి పదకొండేళ్లయింది.

మా స్కూలు వెనకాల పద్నాలుగు మత్స్యకార కుటుంబాల వలలన్నీ ఒకే తాటాకుల పాకలో ఉండేవి. కిందటేడు తుపానుకి ఆ పాక లేచిపోయింది. కొన్ని వలలు ముళ్ల కంపలకి చుట్టుకొని చిరిగిపోయాయి, కొన్ని ఇసకలో కూరుకుపోయాయి. మిగిలినవాటిని పందికొక్కులు కొరికేశాయి. వల లేకపోతే ఒడ్డున మనిషికి పని లేదు. ఎర్రయ్య అనే పడవ యజమాని, యాభై దాటినవాడు, గుజరాత్ వెళ్లి ఎనిమిది నెలలు పరాయి పడవ మీద కూలికి వేట చేసి వచ్చాడు. ఆయనతో పాటు ఇంకో తొమ్మిదిమంది వెళ్లారు. అది మళ్లీ జరక్కూడదని పద్నాలుగు ఇళ్లవాళ్లూ తలా కాస్త డబ్బు వేసుకున్నారు. గాలి ఎత్తుకుపోలేని, పందికొక్కు కొరకలేని గది ఒకటి కావాలి వాళ్లకి.

ఆ డబ్బు నూకాలమ్మ దగ్గర పెట్టారు. ఎర్రయ్య భార్యకి చెల్లెలామె. రోజూ గంప నెత్తిన పెట్టుకొని చేపలమ్ముతుంది. బేరంలో ఆమెను గెలిచినవాళ్లని నేను చూడలేదు. వేసవి సెలవులిచ్చిన మర్నాడు మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుంది.

"టీచరమ్మా, మీరూ మాతో రావాల. కాయితాలన్నీ ఇంగిలీసులో ఉంటాయట. మమ్మల్ని సూసి ఎవుడైనా మోసం సేసేత్తాడు."

"కంటైనర్ల గురించి నాకేం తెలుసు నూకాలమ్మా?"

"కొలతలు తెలుసు కదా. బేరం నాను సూసుకుంటాను."

అప్పటికి, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు పెట్టే వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. నిషేధం ఎత్తేసేలోగా పెట్టె రావాలన్నది వాళ్ల పంతం. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే అనిపించింది.

ఆమదాలవలస

పాత కంటైనర్లు అమ్మేవాళ్లు విజయనగరం వైపు ఉన్నారని విన్నాం. శ్రీకాకుళం నుంచి అక్కడికి గంటకి నాలుగు బస్సులుంటాయి. మేం మాత్రం ఆటోలో ఆమదాలవలస వెళ్లి రైలు కోసం కూర్చున్నాం. కారణం ఎర్రయ్య.

"నాకు బస్సు పడదు టీచరమ్మా. సముద్రం మీద నాలుగు రోజులున్నా ఏటీ అవదు గానీ, బస్సెక్కితే కడుపులోది బయటికొచ్చేస్తాది."

"ఏటి బావా, ఇంత మీసం పెట్టుకొని బస్సుకి బయమా నీకు?" అంది నూకాలమ్మ.

"ఒసే, నువ్వొక్కరోజు పడవెక్కి సూడు, తెలుస్తాది."

రైలు గంటన్నర ఆలస్యం. స్టేషన్ బయట ఒకామె తాటిముంజలు అమ్ముతోంది. డజను అరవై అంది. నూకాలమ్మ నలభై అంది. ఆ అమ్మాయి ఈమె గంప మోసే మెడని, చేతుల్ని ఒకసారి చూసి, "నువ్వూ అమ్ముకునే మడిసివే కదా అప్పా, నాకు తెలీదేటి," అని నవ్వి నలభై అయిదుకి ఇచ్చింది. పైగా రెండు ఎక్కువ వేసింది. ముంజ ఒలిచే పద్ధతిలో మా ఒడ్డుకీ వాళ్లకీ తేడా ఉంది. మేం గోరుతో పొర తీస్తాం. ఆమె అరచేతిలో పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే పొర తనంతట తనే జారిపోయింది. నేను ప్రయత్నిస్తే నీళ్లన్నీ చీర మీద పడ్డాయి.

విజయనగరం

విజయనగరంలో మా చిన్నమ్మ ఉంటుంది. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. బస ఆవిడ దగ్గరే. పూరీ, బొంబాయి చట్నీ పెట్టి, మేం దేనికొచ్చామో విని, కళ్లు మూసుకొని ప్రార్థన చేసింది. "ప్రభువా, వీళ్లకి చిల్లుల్లేని పెట్టె దొరికేలా చెయ్యి," అని చాలా స్పష్టంగా అడిగింది. ఎర్రయ్య కూడా చేతులు జోడించి ఆమెన్ అన్నాడు.

మధ్యాహ్నం ఊరి చివర ఒక అమ్మకందారు దగ్గరికి వెళ్లాం. గోడ లోపల ఆరు కంటైనర్లు, ఆరూ కొత్త నీలం రంగుతో మెరిసిపోతున్నాయి. యజమాని చొక్కాకి కూడా అదే రంగు అంటుకొని ఉంది.

"ఇరవై అడుగులది లక్షా పాతిక మేడమ్. సింగపూర్ సరుకు. వాన పడినా, పిడుగు పడినా మీకు భయం లేదు," అన్నాడు.

నేను టేపు తీసి కొలిచాను. కొలతలు సరిగానే ఉన్నాయి. లోపల గోడలూ శుభ్రంగా ఉన్నాయి. నాకు నచ్చేసింది, దాచుకోవడమెందుకు. నూకాలమ్మ మాత్రం బయట గోడ పొడవునా వేళ్లతో కొడుతూ నడిచింది. చేప మొప్పలు నొక్కి చూసేటప్పుడు ఉండే ముఖమే పెట్టింది. ఒకచోట ఆగి, జడలోంచి పిన్ను తీసి గుచ్చింది. నీలం రంగు కింద నుంచి తెల్లటి లప్పం పొడిపొడిగా రాలింది.

"ఇదేటి బాబూ, ఇనపకి సున్నం పెట్టినావు?"

యజమాని, అది చిన్న మరమ్మతు అన్నాడు. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నేనూ ఎర్రయ్యా లోపలికి వెళ్లి తలుపులు వేయించుకున్నాం. చీకట్లో నిలబడి పైకీ, గోడల వైపూ చూస్తే చుక్కల్లా వెలుగు! ఎర్రయ్య లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర ఆపేశాడు.

"టీచరమ్మా, ఇది పెట్టి కాదు, జల్లెడ."

బయటికి వద్దామని తలుపు తోశాం. రాలేదు. తుప్పు పట్టిన గొళ్లెం బయట బిగుసుకుపోయింది. మే నెల, మధ్యాహ్నం రెండున్నర, ఇనుప పెట్టె. రెండు నిమిషాల్లో నా కళ్లద్దాలు చెమటకి జారి కింద పడ్డాయి. బయట నూకాలమ్మ యజమానిని తిడుతున్న మాటలు మాత్రం చాలా బాగా వినిపించాయి, వాటిని ఇక్కడ రాయను. ఎర్రయ్య నన్ను గోడకి చేరగిలి కూర్చోమని, చిల్లు ఉన్నచోట ముఖం పెట్టి గాలి పీల్చుకోమన్నాడు. చిల్లులు ఆ విధంగా ఉపయోగపడ్డాయి. పావుగంటకి సుత్తితో కొట్టి తీశారు.

నేను బయటపడి నీళ్లు తాగుతుంటే యజమాని, "పాతికవేలు తగ్గిస్తాను మేడమ్," అన్నాడు.

"లచ్చ తగ్గించినా ఒద్దు," అంది నూకాలమ్మ. నా చెయ్యి పట్టుకొని రోడ్డు మీదికి నడిపించింది.

భోగాపురం రోడ్డు

రెండో రోజు పొద్దున్నే భోగాపురం వైపు బయల్దేరాం. దూరం తక్కువే కాబట్టి ఎర్రయ్య నోట్లో నిమ్మకాయ ముక్క పెట్టుకొని ఆటో ఎక్కాడు. ఆ రోడ్డు మీద పెద్ద పెద్ద నిర్మాణాలు జరుగుతున్నాయి. పనులు అయిపోయిన చోట్ల నుంచి, ఓడరేవు వైపు నుంచి వచ్చే పాత కంటైనర్లని ఒక యార్డులో వరసలుగా పేర్చి పెట్టారు. ఒకదాని మీద ఒకటి మూడంతస్తులు. మా ఒడ్డున లైట్‌హౌస్ తప్ప అంత ఎత్తయినది ఏదీ లేదన్నాడు ఎర్రయ్య.

అక్కడి మేనేజరు ఒక్క మాటలో తేల్చేశాడు. "ఇరవై అడుగులవి లేవండి. ఉన్నవన్నీ బుక్ అయిపోయాయి. నలభైవి తీసుకోండి."

నలభై అడుగులది మా సందు మలుపు తిరగదు. డబ్బూ చాలదు. ముగ్గురం గేటు పక్క నీడలో కూర్చుండిపోయాం. మా పక్కనే ఒక ముసలి వెల్డరు టిఫిన్ క్యారేజీ విప్పి, తల వంచి ప్రార్థన చేసుకుంటున్నాడు. పేరు ఆశీర్వాదం. ఓడల మరమ్మతుల్లో ముప్ఫయ్యేళ్లు చేశాడట. మా ముఖాలు చూసి, తినకుండానే అడిగాడు.

"ఏటి పెడతారమ్మా దాన్లో?"

"వలలు," అంది నూకాలమ్మ. మొత్తం కథ చెప్పింది. పాక లేచిపోవడం, బావ గుజరాత్ వెళ్లడం, అక్క ఎనిమిది నెలలు ఒక్కతే ఇల్లు లాగడం. చెబుతూ కొంగుతో ముఖం తుడుచుకుంది. అంతవరకూ నేను ఆమెని అలా చూడలేదు. ఎర్రయ్య అటు తిరిగి కూర్చున్నాడు.

ఆశీర్వాదం క్యారేజీ మూత పెట్టేసి లేచాడు. యార్డు చివరికి తీసుకెళ్లాడు. అక్కడ మట్టిరంగు ఇరవై అడుగుల కంటైనరు ఒకటి విడిగా ఉంది. ఒక పక్క పెద్ద సొట్ట, తలుపు మీద ఎవరో సుద్దతో రాసిన అంకెలు.

"సిమెంటు బస్తాలు పెట్టుకున్నారు దీన్లో. మొకం బాగోలేదని ఎవులూ అడగరు, అందుకే మేనేజరు లెక్కలోకి రాదు. పైకప్పు మాత్రం గట్టిది. నాను ఎక్కి సూసినాను."

ఈసారి తలుపు బయట ఆశీర్వాదాన్నే కాపలా పెట్టి లోపలికి వెళ్లాం. తలుపు మూశారు. నా చెయ్యి నాకే కనబడలేదు. ఒక్క చుక్క వెలుగు లేదు. అంత సంతోషమిచ్చిన చీకటిని నేను ఇంతవరకూ చూడలేదు.

నూకాలమ్మకి అది చాలలేదు. "నీళ్లు పొయ్యాల," అంది. యార్డులో దుమ్ముకి నీళ్లు చల్లే ట్యాంకరు ఉంది. మేనేజరు ముందు విసుక్కున్నాడు, తర్వాత ఆయనకీ చూడాలనిపించింది. పైపు పెట్టి పైకప్పు మీద పది నిమిషాలు నీళ్లు కొట్టించాడు. లోపల ఎర్రయ్య చొక్కా విప్పి ప్లైవుడ్ నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. బయటికి వచ్చినప్పుడు ఒంటి మీద చెమట తప్ప తడి లేదు. నేను తలుపు మీది ఇనుప రేకు చదివాను. తయారైన సంవత్సరం, బరువు, నంబరు. రెండు టన్నుల మూడు వందల కిలోలు చిల్లర. ఆ నంబరూ బిల్లు మీది నంబరూ ఒకటే ఉండాలని పట్టుబట్టి రాయించాను. మీరు కొన్నా అదే చెయ్యండి.

మేనేజరు లక్షా ఇరవై అన్నాడు. నూకాలమ్మ సొట్ట మీద చెయ్యి వేసి తొంభై అంది. గంటసేపు జరిగింది. మధ్యలో రెండుసార్లు గేటు దాకా వెళ్లిపోయాం. చివరికి లక్షా మూడు వేలకి దిగాడు. వలలు తగిలించే కొక్కేలు, గాలి పోయే కిటికీలు ఆ ధరలోనే.

గాలి సంగతి చెప్పింది ఆశీర్వాదమే. "ఇనప డబ్బాకి లోపల సెమట పడతాదమ్మా. తడి వల పెట్టి మూసేస్తే కుళ్లిపోతాది. పైన రెండు పక్కలా గాలి ఆడాల. కింద ఇసక తగలకుండా రాళ్ల మీద పెట్టండి." సాయంత్రానికల్లా రెండు కిటికీలు కోసి, వాన చొరబడకుండా పైన రేకు, పందికొక్కు చొరబడకుండా ఇనుప జాలీ వెల్డింగ్ చేశాడు. ఇరవై నాలుగు కొక్కేలు వరసగా పెట్టాడు. నూకాలమ్మ చేతిసంచిలోంచి ఎండు నెత్తళ్ల చేపల పొట్లం తీసి ఆయన క్యారేజీ పక్కన పెట్టింది. ఆయన వాసన చూసి, "అచ్చం మా అమ్మ తెచ్చేదే," అన్నాడు.

రణస్థలం

మూడో రోజు పొద్దున పదింటికి కంటైనరు ట్రైలరెక్కింది. డ్రైవరు దండపాణి, బరంపురం మనిషి. ఒడియా, తెలుగు కలిపేసి మాట్లాడతాడు. క్యాబిన్‌లో మా ముగ్గురినీ ఎక్కించుకున్నాడు. ఎర్రయ్య కిటికీ పక్కన నిమ్మకాయతో సిద్ధంగా కూర్చున్నాడు గానీ అవసరం పడలేదు. "ఇది పడవలాగే ఊగుతాది," అని మురిసిపోయాడు.

రణస్థలం దాటాక ఒక రావిచెట్టు నీడలో దండపాణి బండి ఆపి భోజనానికి కూర్చున్నాడు. గిన్నెలో రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. వాళ్ల భాషలో పఖాళ.

"ఇది మా సద్దన్నమే కదేటి!" అంది నూకాలమ్మ.

"మీ దాన్లో పెరుగు వేస్తారు. మేం నిమ్మాకు నలిపి వేస్తాం. తిని సూడండి," అన్నాడు.

ఎర్రయ్య జేబులోని నిమ్మకాయ అక్కడ ఖర్చయింది. నలుగురం ఒకే గిన్నెలోంచి పెట్టుకొని తిన్నాం. ఆ ఎండలో అంత చల్లటి తిండి నేను ఏ హోటల్లోనూ తినలేదు. దండపాణి మా ఒడ్డు ఎలా ఉంటుందో, రోడ్డు చివరి దాకా ఉందా అని అడిగాడు. "ఉంది," అన్నాం ముగ్గురం. ఒక్క అర కిలోమీటరు తప్ప ఉంది. ఆ అర కిలోమీటరు గురించి మాలో ఎవరూ ఆలోచించలేదు. లెక్కల టీచరుని, నేనైనా ఆలోచించాల్సింది.

ఒడ్డు

శ్రీకాకుళం దాటి, గార మీదుగా మధ్యాహ్నం రెండింటికి ఊరు చేరాం. తారు రోడ్డు అయిపోయి ఇసక బాట మొదలయ్యే చోట దండపాణి బ్రేకు వేశాడు. దిగి, ఇసకని కాలితో తన్ని చూశాడు.

"నా బండి దిగబడిపోతుంది అమ్మా. ముందుకి రాదు."

దింపడానికి శ్రీకాకుళం నుంచి క్రేను పిలిపించాం. క్రేను ఆపరేటరు కూడా అదే మాటన్నాడు. పెట్టెని రోడ్డు పక్కన దించి పెట్టాడు. వలలు ఉండాల్సిన చోటుకి ఇంకా అర కిలోమీటరు. రోడ్డు పక్క వదిలేద్దామంటే అది పంచాయతీ జాగా, పైగా అంత దూరం వలలు మోసుకు రావడం రోజూ అయ్యే పని కాదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మూడు రోజులు కొలిచింది, చదివింది, రాయించింది అంతా ఇక్కడ ఆగిపోతుందా అనిపించింది.

అప్పటికి ఊరంతా చేరింది. ఎర్రయ్య కంటైనరు చుట్టూ ఒకసారి తిరిగి నన్ను అడిగాడు.

"టీచరమ్మా, బరువెంతన్నారు?"

"రెండు టన్నుల మూడు వందలు."

"మా పెద్ద పడవ ఇంజనుతో సహా ఇంచుమించు అంతే ఉంటాది. దాన్ని రోజూ లాగుతన్నాం కదా. ఇదొక లెక్కేటి?" అని, గట్టిగా కేకేశాడు. "దుంగలు తెండి!"

పడవలు ఒడ్డుకి లాగే తాటి దుంగలు వచ్చాయి. తాళ్లు వచ్చాయి. కంటైనరు మూలల్లో ఉండే ఇనుప కన్నాల్లోంచి తాళ్లు దోపి ముడివేశారు. క్రేను ఆపరేటరు ముందు భాగం కాస్త ఎత్తి మొదటి రెండు దుంగల మీద పెట్టాడు. మగవాళ్లు ముందు తాళ్లు పట్టారు, ఆడవాళ్లు వెనక నుంచి తోయడానికి నిలబడ్డారు. నూకాలమ్మ కొంగు బిగించి పక్కన నిలబడి పాట ఎత్తుకుంది. ఆమె ఒక మాట అంటే అరవైమంది "హైలెస్సా" అన్నారు. పెట్టె కదల్లేదు. రెండోసారి అన్నారు. మూడోసారికి ఒక్కసారిగా కిర్రుమని జానెడు జరిగింది.

ఆ జానెడికి లేచిన కేక, మా ఊరి పక్కన సముద్రంలో కలిసే నది అవతల కూడా వినబడి ఉంటుంది.

తర్వాత ఆగలేదు. వెనక బయటపడిన దుంగని నలుగురు ఎత్తుకొని పరిగెత్తి ముందు వేయడం, మళ్లీ లాగడం. నేనూ తాడు పట్టుకున్నాను. ఇరవై అడుగులు పోయేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కకి చూస్తే దండపాణి నా వెనకే తాడు పట్టి, ఒడియాలో ఏదో అరుస్తూ లాగుతున్నాడు. క్రేను ఆపరేటరు లుంగీ పైకి కట్టి ఆడవాళ్లతో పాటు తోస్తున్నాడు. ఒకచోట వాలుగా ఉంటే పెట్టె సముద్రం వైపు జారబోయింది. ఎర్రయ్య దుంగని అడ్డం వేసి, భుజం ఆనించి నిలబడ్డాడు. ఇంకో పదిమంది వచ్చి చేరేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. ఆయన భుజం మీద అప్పుడు పడిన గీత ఇప్పటికీ ఉంది.

పొద్దు వాలకముందే, అందరం నాలుగు మూలలా చేతులు వేసి ఎత్తితే పెట్టె రాళ్ల దిమ్మల మీద కూర్చుంది. నేను మేస్త్రీలు వాడే నీటిమట్టం గొట్టంతో చూశాను. నాలుగు మూలలకీ తేడా అంగుళం కూడా లేదు. ఆ మాట చెప్పగానే నన్ను ఎత్తుకున్నంత పని చేశారు. దండపాణికీ క్రేను ఆపరేటరుకీ ఎర్రయ్య ఇంట్లో చేపల పులుసు. నిషేధం కాబట్టి చెరువు చేప, అందుకు నూకాలమ్మ వాళ్లకి పదిసార్లు క్షమాపణ చెప్పుకుంది.

తుపాను తర్వాత

అక్టోబరులో తుపాను వచ్చింది. రెండు రోజులు తుపాను షెల్టర్‌లో ఉన్నాం. మూడో రోజు పొద్దున వాన తగ్గాక అందరం ఒడ్డుకి వెళ్లాం. సరుగుడు చెట్లు పడిపోయాయి, రెండిళ్ల రేకులు లేచిపోయాయి. పెట్టె పెట్టినచోటే ఉంది. ఎర్రయ్య గొళ్లెం తిప్పాడు, తలుపు సాఫీగా తెరుచుకుంది. కొక్కేలకి వలలు వేలాడుతున్నాయి. నూకాలమ్మ ఒక్కొక్క వలలో చెయ్యి పెట్టి చూసుకుంటూ చివరి దాకా వెళ్లి, బయటికి వచ్చి అక్క మెడ చుట్టూ చేతులు వేసింది.

సముద్రం శాంతించిన రోజే మా పడవలు వేటకి వెళ్లాయి. చుట్టుపక్కల ఒడ్లలో ఇంకా వలలు వెతుక్కుంటున్నారు. ఎర్రయ్య గుజరాత్ ఊసెత్తలేదు. మర్నాడు నూకాలమ్మ మా వీధిలోకి గంప తెచ్చింది, నిండా వంజరాలు. ధర అడిగితే మామూలుకి రెట్టింపు చెప్పింది.

"నాక్కూడానా నూకాలమ్మా?"

"మీకైనా అంతే టీచరమ్మా. ఇయ్యాల ఈ ఒడ్డున సేపలున్నది మా కాడే," అంది తల ఎగరేసి.

బేరం ఆడకుండా రెండు కిలోలు కొన్నాను.